ఒకటో ఎక్కం తర్వాత ఐదో ఎక్కమే వస్తోంది, అదీ ఆగకుండా! పాస్కల్‌లో ఈ స్కోప్ గోల ఏంటి?

కొబ్బరాకు

అందరికీ నమస్తే. గేట్‌కి (ఇంజినీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష) చదువుతున్నా. కంపైలర్ డిజైన్ తీస్తే చాలు, నెస్టెడ్ ప్రొసీజర్లు (ప్రొసీజర్ లోపల ప్రొసీజర్), స్కోప్ (ఏ పేరు ఎక్కడిదాకా చెల్లుతుందో), యాక్సెస్ లింకులు. నాకు వచ్చింది సీ, కొంచెం పైథాన్. చదివితే తలకెక్కట్లేదని ఫ్రీ పాస్కల్ అనే ఉచిత కంపైలర్ వేసుకుని ఒక బుల్లి ప్రోగ్రామ్ రాశాను. ఒకటి నుంచి ఐదు దాకా ఎక్కాలు ప్రింట్ చేయాలి, అంతే.

(ఇక్కడ అంతా తెలుగు లిపే కాబట్టి కోడ్ కూడా అలాగే పెడుతున్నా. నడిపి చూసేవాళ్ళు ఇంగ్లీషులోకి మార్చుకోండి.)

ప్రోగ్రామ్ ఎక్కాలు;
వార్ ఐ: ఇంటిజర్;

ప్రొసీజర్ ఎక్కం(ఎన్: ఇంటిజర్);
బిగిన్
  ఐ := 1;
  వైల్ ఐ <= 10 డూ
  బిగిన్
    రైట్‌ఎల్ఎన్(ఎన్, ' * ', ఐ, ' = ', ఎన్ * ఐ);
    ఐ := ఐ + 1
  ఎండ్
ఎండ్;

బిగిన్
  ఐ := 1;
  వైల్ ఐ <= 5 డూ
  బిగిన్
    ఎక్కం(ఐ);
    ఐ := ఐ + 1
  ఎండ్
ఎండ్.

ఒకటో ఎక్కం వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోతోంది. స్క్రీన్ మీద తక్కువ లైన్లుంటే తప్పు తేలిగ్గా దొరుకుతుందని ఎక్కంలో 10 తీసి 3 పెట్టాను. ఇప్పుడు ఒకటో ఎక్కం మూడు లైన్లు, తర్వాత ఐదో ఎక్కం, మళ్ళీ ఐదో ఎక్కం, మళ్ళీ... కంట్రోల్ సీ కొట్టేదాకా ఐదో ఎక్కమే! రెండు, మూడు, నాలుగు ఎటు పోయాయి?

పైథాన్ పిల్లోడు

ఇప్పుడు కూడా పాస్కలా అక్కా? పైథాన్‌లో రెండు లైన్ల పని.

టర్బో బాబాయ్

పిల్లోడా, ఆగు. ఆ అమ్మాయి అడిగింది ఎక్కాల గురించి కాదు.

అమ్మా కొబ్బరాకూ, కంప్యూటర్ పక్కన పెట్టి కాగితం మీద ఐ విలువ రాసుకుంటూ రా. మెయిన్‌లో ఐ 1. ఎక్కం(1) పిలిచావు. ఎన్‌లోకి 1 కాపీ అయింది. ఎక్కం లోపల నువ్వు ఐ అన్నప్పుడు అక్కడ వేరే ఐ లేదు, కాబట్టి అది బయటి ఐ. 1, 2, 3 అయ్యాక 4 దగ్గర లూప్ ఆగింది. తిరిగి మెయిన్‌కి వచ్చేసరికి ఐలో ఉన్నది 4. ఒకటి కలిపావు, 5. ఐదు ఐదుకి మించలేదు కాబట్టి ఎక్కం(5). అది మళ్ళీ ఐని 4 చేసి పంపింది. ఒకటి కలిపితే మళ్ళీ 5. ఇక తెల్లారేదాకా అంతే.

10 ఉన్నప్పుడు ఎందుకు ఆగిందో నువ్వే చెప్పు.

కొబ్బరాకు

అయ్యో. తిరిగి వచ్చేసరికి ఐ 11, ఒకటి కలిపితే 12. ఐదు దాటేసింది కాబట్టి ఒక్క ఎక్కంతో సరి.

ప్రొసీజర్ హెడ్డింగ్ కింద 'వార్ ఐ: ఇంటిజర్;' అని ఇంకో లైన్ పెట్టాను బాబాయ్. ఐదు ఎక్కాలూ వచ్చాయి! కానీ ఒకే పేరుతో రెండు ఉంటే కంపైలర్ తిట్టాలి కదా?

సెమికోలన్

తిట్టదు. ఒకే బ్లాక్‌లో (డిక్లరేషన్లు, వాటి బిగిన్-ఎండ్ కలిసిన ముక్క) రెండుసార్లు డిక్లేర్ చేస్తేనే 'డూప్లికేట్ ఐడెంటిఫయర్' అంటుంది. కావాలంటే ఎక్కంలో 'వార్ ఎన్: ఇంటిజర్' అని పెట్టి చూడండి, పరామీటరు పేరు కూడా ఎన్ కాబట్టి అప్పుడు ఒప్పుకోదు. ప్రొసీజర్ లోపలిది వేరే బ్లాక్. అక్కడి ఐ, బయటి ఐని కప్పేస్తుంది. బయటిది చెరిగిపోదు, ఆ ప్రొసీజర్ లోపల ఉన్నంతసేపు కనిపించదంతే.

ఇంకో మాట. మీరు వైల్ బదులు ఫర్ రాసి ఉంటే, ప్రామాణిక పాస్కల్‌ని గట్టిగా పాటించే కంపైలర్ ఈ తప్పుని మొదట్లోనే పట్టుకునేది. ఫర్ లూప్ తిప్పే వేరియబుల్‌ని ఆ లూప్ ఉన్న బ్లాక్‌లోనే డిక్లేర్ చేయాలని ఐఎస్ఓ 7185 అనే పాస్కల్ ప్రమాణంలో నియమం. ఆ నియమం పెట్టింది ఇలాంటి ఐదో ఎక్కాల బాధ పడలేకే అని నా నమ్మకం.

నేను కాలేజీలో కంపైలర్లు చెప్తాను. ఏటా ఎక్కువమంది తప్పు చేసే ప్రశ్న ఇది. నడపకుండా జవాబు చెప్పండి:

ప్రోగ్రామ్ పరీక్ష;
వార్ ఎక్స్: ఇంటిజర్;

ప్రొసీజర్ చూపు;
బిగిన్
  రైట్‌ఎల్ఎన్(ఎక్స్)
ఎండ్;

ప్రొసీజర్ పిలుపు;
వార్ ఎక్స్: ఇంటిజర్;
బిగిన్
  ఎక్స్ := 20;
  చూపు
ఎండ్;

బిగిన్
  ఎక్స్ := 10;
  పిలుపు;
  చూపు
ఎండ్.

కొబ్బరాకు

20, 10. పిలుపులో ఎక్స్ 20 కదా, అక్కణ్ణుంచే చూపుని పిలిచాం.

పైథాన్ పిల్లోడు

నేనూ 20, 10.

రాత్రి డ్యూటీ

10, 10.

టర్బో బాబాయ్

10, 10 కరెక్టు. ప్రొసీజర్‌కి పుట్టిల్లు చూడాలి, పిలిచిన ఇల్లు కాదు. చూపు పుట్టింది మెయిన్ ఇంట్లో. తనకి లేని వస్తువు కావాల్సొస్తే పుట్టింటికే పోతుంది. పిలుపు వాళ్ళింటికి పేరంటానికి వచ్చింది నిజమే, అంతమాత్రాన వాళ్ళ బీరువా తెరవదు.

సెమికోలన్

బాబాయ్ గారి బీరువా నేను క్లాసులో వాడుకుంటాను, అనుమతి ఇచ్చేయండి.

దీన్నే స్టాటిక్ స్కోప్ లేదా లెక్సికల్ స్కోప్ అంటాం. ప్రోగ్రామ్ టెక్స్ట్‌లో ఎక్కడ రాశారన్నదే లెక్క. కొబ్బరాకు చెప్పిన 20, 10 డైనమిక్ స్కోప్ (పిలిచినవాళ్ళ దగ్గర వెతకడం) ఉన్న భాషల్లో వస్తుంది. లినక్స్ ఉంటే ఇదే దాని కమాండ్ భాష బ్యాష్‌లో రెండు ఫంక్షన్లుగా రాసి, పిలుపులో ఎక్స్‌కి 'లోకల్' పెట్టండి. 20, 10 వస్తుంది. అందుకే మీ జవాబుని వెర్రి జవాబు అనను, అది వేరే భాష జవాబు.

ఇప్పుడు చూపుని మొత్తంగా ఎత్తి పిలుపు లోపల, 'వార్ ఎక్స్' లైనుకీ బిగిన్‌కీ మధ్య పెట్టండి. ఏమవుతుంది?

కొబ్బరాకు

పుట్టిల్లు మారింది కాబట్టి 20 రావాలి. చివర మెయిన్‌లో చూపుని పిలిచినప్పుడు... నడిపి చూశాను, కంపైలే అవ్వలేదు. 'ఐడెంటిఫయర్ నాట్ ఫౌండ్' అంది. ఆ చివరి పిలుపు తీసేస్తే 20 వచ్చింది.

అంటే లోపలివాళ్ళు బయటికి చూడొచ్చు, బయటివాళ్ళు లోపలికి చూడలేరు. నాలుగు వాటాల ఇంట్లో వసారా అందరికీ కనిపిస్తుంది, వసారాలో కూర్చుంటే గదుల్లోవి కనిపించవు, అలా?

టర్బో బాబాయ్

అంతే. అన్నదమ్ముల వాటాలు కూడా ఒకరివి ఒకరికి కనిపించవు. అది మరిచిపోకు.

పైథాన్ పిల్లోడు

సరే ఒప్పుకుంటున్నా, తప్పు చెప్పా. కానీ పైథాన్‌లోనూ డెఫ్ లోపల డెఫ్ రాస్తాం కదా. ఇందులో కొత్తేముంది?

రాత్రి డ్యూటీ

భాయ్, నీకు ఎప్పుడైనా 'అన్‌బౌండ్ లోకల్ ఎర్రర్' వచ్చిందా?

పైథాన్ పిల్లోడు

రోజూ 😭

రాత్రి డ్యూటీ

అదే తేడా. పైథాన్‌లో డిక్లరేషన్ లేదు. లోపలి ఫంక్షన్‌లో ఒక పేరుకి విలువ ఇచ్చావంటే చాలు, ఆ పేరు మొత్తం ఆ ఫంక్షన్‌కి లోకల్ అయిపోతుంది. బయటిదాన్నే మార్చాలంటే 'నాన్‌లోకల్' అని చెప్పుకోవాలి. పాస్కల్‌లో వార్ రాస్తేనే కొత్తది. రాయకపోతే బయటిదే, చదవడానికైనా మార్చడానికైనా. అందుకే అక్కడ నాన్‌లోకల్ అనే మాటే అక్కర్లేదు. కొబ్బరాకుగారి ఐదో ఎక్కం రోగానికి కారణం కూడా అదే. పైథాన్‌లో ఆమె రాసినట్టే రాస్తే ఎక్కంలోని ఐ దానంతటదే లోకల్ అయ్యేది, బగ్ ఉండేది కాదు. దేనికి ఉండే తలనొప్పి దానికుంది.

సీలో ఇంకో వింత. ఏ బ్రాకెట్ల మధ్యనైనా కొత్త వేరియబుల్ పెట్టుకోవచ్చు, ఫంక్షన్ లోపల ఫంక్షన్ మాత్రం ప్రామాణిక సీలో లేదు. పాస్కల్ సరిగ్గా తిరగేసి: ప్రొసీజర్ లోపల ప్రొసీజర్ ఎంత లోతుకైనా పో, బిగిన్‌కీ ఎండ్‌కీ మధ్యలో వార్ రాయడానికి వీల్లేదు. పాస్కల్ నుంచి పుట్టిన డెల్ఫీలో 2018లో 10.3 వచ్చాకే అది కుదిరింది. మా ఆఫీసులో పాతవాళ్ళు ఇప్పటికీ దాన్ని ముట్టుకోరు.

కొబ్బరాకు

మరి లోపల ప్రొసీజర్ ఎందుకు రాయాలి? అన్నీ పక్కపక్కన రాసుకోవచ్చుగా?

టర్బో బాబాయ్

రాసుకోవచ్చు. కానీ క్విక్‌సార్ట్ (అంకెల్ని వరసలో పేర్చే పద్ధతి) తీసుకో. టర్బో పాస్కల్ అనే పాత కంపైలర్ డిస్కులో ఇచ్చే శాంపిల్ ప్రోగ్రామ్‌లోనే ఉండేది: బయట క్విక్‌సార్ట్ అనే ప్రొసీజర్, దానికి అర్రే (అంకెల వరస) ఇస్తాం. లోపల సార్ట్ అని ఇంకోటి, దానికి ఎడమ, కుడి అని రెండు అంకెలే. తనని తాను పిలుచుకునేది ఆ లోపలిదే. అర్రేని ప్రతి పిలుపుకీ మోసుకుపోనక్కర్లేదు, పుట్టింట్లో ఉంది కదా. బయటివాళ్ళకి సార్ట్ అనేది ఒకటుందని కూడా తెలియదు. చెట్టులో ఆకులు లెక్కపెట్టాలన్నా ఇంతే. లెక్క బయటి ఫంక్షన్‌లో ఒక్కటే ఉంటుంది, లోపలి ప్రొసీజర్ కొమ్మకొమ్మకీ పోయి అందులో ఒకటి కలిపి వస్తుంది. గ్లోబల్ అవసరమే లేదు.

నేను నేర్చుకునే రోజుల్లో ఇవన్నీ టర్బో పాస్కల్ బ్లూ స్క్రీన్ మీద. అప్పట్లో బ్లూ స్క్రీన్ అంటే మంచి మాట.

సెమికోలన్

బ్లాకుల్లో బ్లాకులు అన్న ఆలోచన ఆల్గాల్ 60 అనే పాత భాషది. నిక్లాస్ విర్త్ జ్యూరిక్ ఈటీహెచ్ యూనివర్సిటీలో ఉండగా పాస్కల్ తయారుచేసి 1970లో ప్రకటించారు. ఆల్గాల్‌లో ఏ బిగిన్ దగ్గరైనా వేరియబుల్స్ పెట్టుకోనిచ్చేవారు. విర్త్ దాన్ని ప్రొసీజర్లకే పరిమితం చేశారు. పైన రాత్రి డ్యూటీ చెప్పిన వింత అక్కణ్ణుంచి వచ్చిందే. ఆయన 2024 జనవరి 1న పోయారు.

సరే, గేట్ విషయానికొద్దాం. 2012 సీఎస్ (కంప్యూటర్ సైన్స్) పేపర్లో సరిగ్గా ఇదే అడిగారు. మెయిన్ లోపల ఏ1, ఏ2 అని రెండు ప్రొసీజర్లు. ఏ2 లోపల ఏ21. పిలుపుల వరస: మెయిన్ నుంచి ఏ1, ఏ1 నుంచి ఏ2, ఏ2 నుంచి ఏ21, ఏ21 నుంచి మళ్ళీ ఏ1. స్టాక్ (ఇంకా ముగియని పిలుపుల దొంతర) మీద ఐదు యాక్టివేషన్ రికార్డులు, అంటే పిలుపుకో ఫ్రేమ్. ఒక్కోదాని యాక్సెస్ లింకు (పుట్టింటి ఫ్రేమ్‌ని చూపే అడ్రసు) ఎక్కడికి?

కొబ్బరాకు

పుట్టిల్లే కదా చూడాలి. మొదటి ఏ1 మెయిన్‌కి. ఏ2 మెయిన్‌కి, ఏ1కి కాదు, ఏ1 పిలిచిందంతే. ఏ21 ఏ2కి. చివరి ఏ1... దాన్ని పిలిచింది ఏ21 అయినా పుట్టింది మెయిన్‌లో, కాబట్టి మెయిన్‌కే.

సెమికోలన్

నూటికి నూరు. ఒక కొసరు: అది ఊహాభాషలో ఇచ్చిన ప్రశ్న. అసలు పాస్కల్‌లో అలాగే రాస్తే ఏ1 కంపైల్ అవ్వదు, ఎందుకంటే అక్కడికి ఏ2 ఇంకా రాలేదు. ముందు 'ప్రొసీజర్ ఏ2; ఫార్వర్డ్;' అని ఒక లైను పెట్టాలి.

కొబ్బరాకు

థాంక్యూ మేడమ్! ఒక్క డౌట్. ఏ21 నుంచి ఏ1ని పిలిచేటప్పుడు, మెయిన్ ఎక్కడుందో మెషీన్‌కి ఎలా తెలుస్తుంది? రన్ అవుతుండగా పేర్లు వెతుక్కుంటూ పోతుందా?

టర్బో బాబాయ్

నా అవగాహన ప్రకారం స్టాక్‌లో పైనుంచి కిందికి వెతికి, ఆ పేరున్న దగ్గరి ఫ్రేమ్ పట్టుకుంటుంది.

సెమికోలన్

లేదు బాబాయ్ గారూ, అలా వెతికితే అది డైనమిక్ స్కోప్ అయిపోతుంది. అప్పుడు మీ పుట్టిల్లు సూత్రమే పోతుంది.

రన్‌టైమ్‌లో పేర్లు ఉండవు, మెట్ల లెక్క ఒక్కటే ఉంటుంది. విర్త్ 1976లో బోధన కోసం రాసిన పీఎల్/0 అనే బుల్లి కంపైలర్లో ఇది కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. ప్రతి ప్రొసీజర్ ఫ్రేమ్ మొదట్లో మూడు గళ్ళు. మొదటిది స్టాటిక్ లింకు, అంటే పుట్టిల్లు. రెండోది డైనమిక్ లింకు, అంటే పిలిచినవాళ్ళు. మూడోది పని అయ్యాక ఏ ఇన్‌స్ట్రక్షన్‌కి తిరిగి వెళ్ళాలో ఆ అడ్రసు. 0, 1, 2 గళ్ళు వీటికే పోతాయి కాబట్టి లోకల్ వేరియబుల్స్ 3 నుంచి మొదలు. గేట్ వాళ్ళు యాక్సెస్ లింకు, కంట్రోల్ లింకు అనేవి ఈ మొదటి రెండే.

వేరియబుల్ తెచ్చే ఇన్‌స్ట్రక్షన్‌కి రెండు అంకెలుంటాయి: ఎన్ని మెట్లు పైకెక్కాలి, అక్కడ ఎన్నో గడి. ఈ రెండూ కంపైల్ చేసేటప్పుడే తేలిపోతాయి, ఎందుకంటే ఏది దేని లోపల ఉందో టెక్స్ట్ చూస్తే తెలుస్తుంది. ఏ21 శరీరం రెండో మెట్టు మీద, ఏ1 పుట్టిన మెయిన్ సున్నా మీద. తేడా రెండు. కాబట్టి ఏ21 తన స్టాటిక్ లింకు పట్టుకుని ఏ2కి, అక్కణ్ణుంచి దాని లింకు పట్టుకుని మెయిన్‌కి వెళ్తుంది. ఆ అడ్రసే కొత్త ఏ1కి పుట్టింటి అడ్రసు. మధ్యలో మొదటి ఏ1 ఫ్రేమ్ స్టాక్‌లో ఉన్నా దాని వైపు చూడనే చూడదు.

టర్బో బాబాయ్

ఇన్నేళ్ళుగా తప్పు అనుకుంటున్నానన్నమాట. మంచిది, ఇవాళ నిద్ర పడుతుంది.

రాత్రి డ్యూటీ

ఈ స్టాటిక్ లింకు వల్లే నేను రెండు రాత్రులు ఆఫీసులో పడుకున్నా. హైదరాబాద్‌లో ఒక పాత డెల్ఫీ సాఫ్ట్‌వేర్‌ని మెయింటైన్ చేస్తున్నాం. తెరిచి ఉన్న విండోలన్నీ లెక్కపెట్టడానికి విండోస్‌కి ఒక ఫంక్షన్ అడ్రసు ఇవ్వాలి, అది ఒక్కో విండోకీ ఆ ఫంక్షన్‌ని పిలుస్తుంది. మా ముందున్న పెద్దమనిషి అక్కడ లోపలి ఫంక్షన్ అడ్రసు ఇచ్చాడు. 32 బిట్‌లో ఏళ్ళ తరబడి నడిచింది. 64 బిట్‌కి మార్చిన రోజే క్రాష్.

కారణం ఏంటంటే, లోపలి ఫంక్షన్‌ని పిలిచేటప్పుడు కంపైలర్ కంటికి కనిపించని ఇంకో పరామీటరు పంపాలి, పుట్టింటి ఫ్రేమ్ అడ్రసు. పిలిచేది విండోస్, దానికేం తెలుసు మా పుట్టిల్లు? 32 బిట్‌లో ఆ ఫంక్షన్ బయటి వేరియబుల్స్ ఏవీ ముట్టుకోలేదు కాబట్టి బతికిపోయింది. 64 బిట్‌లో ఆ దాగిన పరామీటరు మొదటి పరామీటరు రిజిస్టర్లోనే వస్తుంది. దాంతో మిగతావన్నీ ఒక్కో స్థానం జరిగిపోయి, విండో హ్యాండిల్‌ని (విండో గుర్తింపు అంకె) ఫ్రేమ్ అడ్రసు అనుకుంది. ఫంక్షన్‌ని బయటికి లాగి రాశాను, రెండు నిమిషాల పని. దొరకడానికి రెండు రాత్రులు.

టర్బో పాస్కల్ దీన్ని ఒప్పుకునేది కాదు. నెస్టెడ్ రొటీన్‌ని ప్రొసీజర్ వేరియబుల్‌లో పెడితే అక్కడే ఎర్రర్. ఎట్ గుర్తు పెట్టి అడ్రసు లాగితే మాత్రం ఆపేవాడు లేడు.

పైథాన్ పిల్లోడు

పైథాన్‌లో లోపలి ఫంక్షన్‌ని రిటర్న్ కూడా చేస్తాం, బయటిది అయిపోయాక కూడా పనిచేస్తుంది. పాస్కల్‌లో?

సెమికోలన్

కుదరదు, అదే అసలు హద్దు. బయటి ప్రొసీజర్ అయిపోతే దాని ఫ్రేమ్ స్టాక్ మీద ఉండదు, పుట్టిల్లు కూల్చేసినట్టే. అందుకే ప్రామాణిక పాస్కల్‌లో ప్రొసీజర్‌ని పరామీటరుగా కిందికి పంపొచ్చు కానీ, దాచుకోవడం, పైకి తిరిగివ్వడం లేవు. కిందికి పంపినంతసేపు పుట్టిల్లు స్టాక్‌లో ఉంటుందని గ్యారంటీ. పైథాన్ అలాంటి వేరియబుల్స్‌ని హీప్‌లో, అంటే స్టాక్‌తో సంబంధం లేని మెమరీలో ఉంచుతుంది. డెల్ఫీ కూడా 2009లో అనానిమస్ మెథడ్స్ (పేరులేని ఫంక్షన్లు) తెచ్చినప్పుడు అదే దారి పట్టింది.

కొబ్బరాకు, ఇంటిపని ఒకటి ఇస్తున్నా. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ 1964లో ఆల్గాల్ కంపైలర్లకి ఒక పరీక్ష పెట్టారు, పేరు 'మ్యాన్ ఆర్ బాయ్'. ఏ అనే ఫంక్షన్‌కి కే అనే అంకె, ఇంకో ఐదు ఫంక్షన్లు పరామీటర్లు. దాని లోపల బీ అనే ఫంక్షన్. బీ చేసేది తనని కన్న ఏలోని కేని ఒకటి తగ్గించి, మళ్ళీ ఏని పిలవడం, పిలుస్తూ తననే మొదటి ఫంక్షన్‌గా, ఆ ఏకి వచ్చిన మొదటి నాలుగింటిని దాని తర్వాత పంపడం. కే సున్నా అయినా, అంతకి తగ్గినా 'ఏ' తన చివరి రెండు ఫంక్షన్ల విలువలు కలిపి ఇస్తుంది, లేదంటే బీని పిలుస్తుంది. స్టాక్ మీద 'ఏ' అనే పేరుతో బోలెడు ఫ్రేములు, ప్రతిదానికీ సొంత కే. ఎక్కడి బీ ఎక్కడి కేని తగ్గిస్తోందో కంపైలర్ ఒక్కచోట తడబడినా జవాబు మారిపోతుంది. కే 10, ఫంక్షన్లు వరుసగా 1, -1, -1, 1, 0 ఇచ్చేవి పెట్టండి. ఫ్రీ పాస్కల్‌ని ఐఎస్ఓ మోడ్‌లో పెట్టడం మర్చిపోకండి.

కొబ్బరాకు

ముందు కే 1 పెట్టి కాగితం మీద చేశాను. బీ కేని 0 చేసి ఏని పిలిచింది, అక్కడ చివరి రెండూ -1, 1, కలిపితే 0. మెషీన్ కూడా 0 అంది. 2కి కాగితం మీద -2, మెషీన్‌లోనూ -2. 3 దగ్గర కాగితం నిండా బాణాలే, ఏ బాణం ఎవరి పుట్టింటికో నాకే అర్థం కాలేదు, రబ్బరు అరిగిపోయింది. 10ని మాత్రం మెషీన్‌కే వదిలేశాను. -67 వచ్చింది, కరెక్టేనా మేడమ్?

సెమికోలన్

కరెక్టే. 3 పూర్తి చేసి ఫొటో పెట్టండి.